ఒక్క అధ్యాయమే కదా

మా బైబిలు కూటంలో రోమా పత్రిక ముగించిన శుక్రవారం నాకు సంతోషం కలగలేదు. మూడు ఎండాకాలాలు పట్టింది. చివరి అధ్యాయంలో పౌలు పేరుపేరునా పంపిన వందనాలన్నీ చదివి, ప్రార్థన చేసి, ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ఎదురుగా కూర్చున్న మగవాళ్లందరూ నావైపే చూస్తున్నారు. తర్వాత ఏమిటి అన్నది ఆ చూపు. నాలో తర్వాత అనేది ఏమీ మిగల్లేదు.

మా పురుషుల సహవాసం మస్కట్‌లో, ఘాలాలోని చర్చి ఆవరణలో, చివరి వరసలో ఉన్న ఒక చిన్న గదిలో జరుగుతుంది. ఈ దేశంలో ఆదివారం డ్యూటీ రోజు కాబట్టి మాకు శుక్రవారమే ఆదివారం. "వచ్చే ఆదివారం కలుద్దాం బ్రదర్" అని చెప్పుకుని శుక్రవారం వచ్చేస్తాం, ఎవరూ పొరబడరు. పొద్దున ఆరాధన, తర్వాత భోజనాలు, రెండు గంటలకు మా వాక్యధ్యానం. గది మాది కాదు. మాకు ముందు సింహళ భాషవాళ్ల ప్రార్థన ఉంటుంది, మా తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్ల పాటల బృందం. మేం కాస్త ఆలస్యం చేస్తే వాళ్లు తలుపు కొట్టరు, మర్యాదస్తులు. బయట నిలబడి గిటారు శ్రుతి చేసుకుంటారు, అంతే.

ఈ సహవాసాన్ని నడిపేది నేను. వయసులో ఉన్నప్పుడు కోస్తాలో ఒక బైబిల్ కాలేజీలో చదివాను. పాస్టరునయ్యే పిలుపు నాకు రాలేదు. స్పేర్ పార్టుల గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌గా ఇక్కడికి వచ్చాను. వచ్చిన కొత్తలో మా పాస్టరుగారు "నువ్వు చదువుకున్నవాడివి, మగవాళ్లను నువ్వు చూసుకో" అన్నారు. అప్పటినుంచీ చూసుకుంటూనే ఉన్నాను. ఆ గ్రంథంలోని ప్రతి మాటా దేవుని నోటినుంచి వచ్చిందని ఆనాడు నమ్మాను, ఈనాడూ నమ్ముతున్నాను. అలసట విశ్వాసంలో లేదు, ఒంట్లో ఉంది. గురువారం సాయంత్రం స్టాకు లెక్క చూసి ఇంటికి వచ్చి, స్నానం చేసి, ఘుబ్రాలో మా రెండు గదుల ఇంట్లో భోజనాల బల్ల దగ్గర బైబిలు తెరిస్తే, వచనం సంఖ్య కనిపిస్తుంది, వచనం కనిపించదు. మర్నాడు గదిలో చూస్తే వాళ్లకూ అంతే. వారమంతా ఎండలో కాంక్రీటు పోసినవాళ్లు, బిర్యానీ తిని, ఏసీ కింద కూర్చుంటే నిద్ర రాకేం చేస్తుంది? పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి "స్తోత్రం" అంటారు. నేను తప్పు పట్టను. ఒక్కోసారి నన్ను కూడా ఎవరైనా పొడిస్తే బాగుండుననిపిస్తుంది.

అందుకని ఆ రోజు ముందే అనుకుని వచ్చాను. "సెలవులు వస్తున్నాయి, సగంమంది ఇళ్లకు వెళ్తారు. ఈసారి చిన్నది తీసుకుందాం" అన్నాను.

"ప్రకటన తీసుకుందామన్నా" అన్నాడు కడప తమ్ముడు. అతను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు. ఎప్పుడు అడిగినా లోకాంతం గురించి చెప్పే ప్రకటన గ్రంథమే అడుగుతాడు. "రోజూ వార్తల్లో చూస్తాండాం గదా. ఆకాశంలో మంటలు పోతాండాయి. ఇంగ ఎప్పుడు చదువుతాం?"

"నాయనా, చిన్నది అంటుంటే ప్రకటనంటావేంది?" అన్నాడు క్యాంప్ బాస్. "పోయినసారి ఎత్తుకుంటే ఆ నాలుగు గుర్రాల కాడే ఎండాకాలం అయిపోయింది. అయిదో ముద్ర ఇప్పేలోపల సగంమంది ఎగ్జిట్ కొట్టిచ్చుకుని ఇంటికి పోయారు."

అందరూ నవ్వారు. క్యాంప్ బాస్ అనేది అతని ఉద్యోగం. ఒక నిర్మాణ కంపెనీలో పనివాళ్లు ఉండే క్యాంపుకి అతను పెద్ద. ఎవరు ఏ రూములో ఉన్నారు, ఎవరు డ్యూటీకి పోయారు, ఎవరు తిరిగి రాలేదు, అన్నీ అతను చూడాలి. ఎవరైనా వరసగా కనబడకపోతే ఆఫీసుకి చెప్పాలి. గుంటూరు జిల్లావాడు. గొంతెత్తి పాడితే గది నిండిపోతుంది. రూలు అంటే రూలు. మా కూటంలో టైము చూసేది కూడా అతనే.

ఆ నవ్వు ఆగాక తలుపు దగ్గరి కుర్చీలోంచి ఒక మాట వచ్చింది.

"ఒక్క అధ్యాయమే ఉన్న పుస్తకం ఒకటుందంట గదండీ. అందులో పనోడు పారిపోతాడంట. ఆణ్ణి పౌలుగారు ఏం చేశారో... అది చదువుకుందామండి."

అన్నవాడు వడ్రంగి. కోనసీమ వాడు, ముప్పై దాటి ఉంటాయి. మాతో కూర్చోవడం మొదలుపెట్టి రెండేళ్లయినా ఏం చదవాలో అతను చెప్పడం అదే మొదటిసారి. ఎప్పుడూ తలుపు పక్కనే కూర్చుంటాడు. ఎందుకో మా అందరికీ తెలుసు. తీసుకొచ్చిన యజమాని దగ్గర్నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా బయట పనిచేసుకునేవాళ్లను ఇక్కడ మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. అతను ఖల్లివల్లి.

మా గదిలో ఒక ఆచారం ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. ఊరు అడగొచ్చు, పిల్లల గురించి అడగొచ్చు, నిన్న ఏం వండుకున్నావని అడగొచ్చు. ఎవరి కింద పనిచేస్తున్నావు, రెసిడెంట్ కార్డు ఉందా అని మాత్రం అడగకూడదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి. క్యాంప్ బాస్ ఉద్యోగం అలాంటిది కాబట్టి, వడ్రంగి తన పని గురించి మాట్లాడేటప్పుడు అతను గోడవైపు చూస్తాడు. ఆ రోజు కూడా గోడవైపే చూశాడు. కడప తమ్ముడు అతనివైపు చూశాడు. బయట గిటారు మొదలైంది.

"ప్రార్థన చేసి చెప్తాను" అన్నాను. ప్రార్థనలో నాకు ఎప్పుడూ అబద్ధం లేదు కానీ ఆ మాట మాత్రం తప్పించుకోవడానికే అన్నాను.

బయట చల్లనీళ్ల మిషను దగ్గర వడ్రంగి నాకోసం నిలబడ్డాడు. అతని కథ ముక్కలుముక్కలుగా నాకు అంతకుముందే తెలుసు. నిజ్వా అవతల తలుపులు చేసే ఒక వర్క్‌షాపుకి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకు ఇంటి దగ్గర కూతురు పుట్టింది. సెలవు అడిగాడు. ఆర్డర్లు అయ్యేదాకా కుదరదన్నాడు సూపర్‌వైజర్. మళ్లీ అడిగాడు, మళ్లీ కుదరదన్నాడు. కోపం వచ్చి ఒక శుక్రవారం బస్సెక్కి మస్కట్ వచ్చేశాడు. బయట నాలుగు పనులు చేసుకుని టికెట్టు కొనుక్కుని ఇంటికి పోవచ్చుననుకున్నాడు. విమానం ఎక్కడానికి టికెట్టు ఒక్కటే చాలదని, పారిపోయాడని యజమాని కేసు పెడితే దేశం దాటనివ్వరని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంటికి పోవడానికి పారిపోయాడు. పారిపోవడం వల్లే ఇంటికి పోలేకపోయాడు. ఆ పిల్లకి మాటలు వచ్చేశాయి. ఫోన్లో అతన్ని 'ఫోను నాన్న' అంటుంది. పక్కింటి పిల్లకి మామూలు నాన్న ఉన్నాడు, తనకి ఫోను నాన్న.

"మా పాత అర్బాబు కబురెట్టాడండి" అన్నాడు. అర్బాబంటే యజమాని. "అక్కడే పనిచేసే మా ఏపు కుర్రాడితో చెప్పించాడు. తిరిగొచ్చేత్తే కేసు తీయించేత్తాడంట."

"నువ్వేమనుకుంటున్నావు?"

"ఆయన మంచోడేనండి. ఆ సూపర్‌వైజర్‌తోనే వచ్చింది. అయితే ఎల్లాక పోలీసుల్ని పిలిత్తే? ఎల్లకపోతే ఇక్కడే ముసలాణ్ణయిపోతానండి. మా పిల్ల పెళ్లి కూడా ఫోన్లోనే చూడాలి." నవ్వబోయి ఆగాడు. "మిమ్మల్ని చెప్పమంటే అది మీ మాటవుద్దండి. రేపేదైనా అయితే మీమీద పడుద్ది. అందుకని పుస్తకం చదువుదామంటున్నాను. అందులో ఏముంటే అది చేసేత్తానండి."

నాకు భయమేసింది అక్కడే. మనవాళ్లలో ఈ అలవాటు ఉంది. కొత్త సంవత్సరం రాత్రి వాగ్దానం కార్డు తీస్తారు, వచ్చిన వచనాన్ని ఏడాదంతా పట్టుకుంటారు. పెళ్లిచూపులకు పోయేముందు కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడతారు. ఇతను ఒక పత్రిక మొత్తం మీద వేలు పెట్టబోతున్నాడు. ఆ పత్రికలో ఏముందో నాకు తెలుసు. చెరసాలలో ఉన్న పౌలు దగ్గరకు పారిపోయిన దాసుడు చేరాడు, మారుమనస్సు పొందాడు. పౌలు అతన్ని తన దగ్గర ఉంచుకోలేదు. తిరిగి యజమాని దగ్గరికే పంపించాడు.

నన్ను ఘుబ్రాలో దింపేది క్యాంప్ బాసే. కారు ఆవరణ దాటగానే మొదలుపెట్టాడు.

"ఆ పుస్తకం వద్దు బ్రదర్."

"ఎందుకు?"

"ఎందుకేంది? మీకు తెలవదా? నేనాడ కూర్చుని ఏం మాట్లాడాలి? పంపించమంటే వాడి గొంతు కోసినట్టు. వద్దంటే, మరి నేను రోజూ చేసే పనేంది? మొన్ననే ఇద్దరి పేర్లు ఆఫీసుకి రాసిచ్చా." సిగ్నల్ దగ్గర ఆపి స్టీరింగ్ మీద చేత్తో కొట్టాడు. "ప్రకటనే మేలు. ఆ గుర్రాలకి వీసాలతో పన్లేదు."

నిజం చెప్పాలంటే నాకూ ఆ పుస్తకం వద్దనే ఉంది. ఇంటికి వెళ్లాక నా భార్యతో చెప్పాను. ఆమె నర్సు. రాత్రి డ్యూటీకి బయల్దేరుతూ బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"మీకు ఓపిక లేక చిన్నది వెతుకుతున్నారు" అంది. "అది చిన్నది కాదు లెండి. కానీ ఆయన అడిగాక ఇంకోటి చదివితే ఆయన ఏమనుకుంటాడు? దేవుడు కూడా కార్డు లేనివాళ్లతో మాట్లాడడనుకోడూ?"

ఆ వారమంతా ఆ మాట నన్ను వదల్లేదు.

తర్వాతి శుక్రవారం ఆ పుస్తకమే, దాసుడి యజమాని ఫిలేమోనుకు పౌలు రాసిన పత్రిక, తీశాం. ఒక్కొక్కరు రెండేసి వచనాలు చదివారు. ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు. రోమా పత్రికలో కృప గురించి మూడేళ్లు చెప్పినా తెరుచుకోని కళ్లు ఆ రోజు తెరుచుకునే ఉన్నాయి. వడ్రంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, డాక్టర్ రిపోర్టు చదువుతుంటే వినేవాడిలా విన్నాడు.

చదవడం అయ్యాక ముందుగా కడప తమ్ముడు అన్నాడు. "పంపించినాడు గదన్నా. పౌలే పంపించినాడు. ఇంగ చెప్పేదేముంది?"

"అయితే ఎల్లాలన్నమాటండి" అన్నాడు వడ్రంగి. కుర్చీలోంచి లేవబోయాడు.

"ఆగవయ్యా" అన్నాను. "ఊరికే పంపించలేదు. నన్ను చేర్చుకున్నట్టే ఇతన్ని చేర్చుకో అని రాశాడు. దాసుడిగా కాదు, సహోదరుడిగా అని రాశాడు. ఇతనివల్ల నష్టం ఏదైనా ఉంటే నా మీద వేసుకో, నేను తీరుస్తాను అని తన చేత్తో రాశాడు."

"రాస్తే?" అన్నది క్యాంప్ బాస్. అప్పటిదాకా గోడవైపు చూస్తున్నవాడు నావైపు తిరిగాడు. "ఉత్తరం ఆ దాసుడి చేతికే ఇచ్చి పంపాడా? ఒంటరిగానా? మా క్యాంపుకి ఎవడన్నా తిరిగొస్తే ఒంటరిగా రాడు బ్రదర్. ఒంటరిగా వస్తే గేటు కాడే అయిపోద్ది పని. వాడు నోరు తెరిచేలోపల సెక్యూరిటీవాడు ఫోన్ చేస్తాడు. ఎవరో ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వస్తాడు. ఆ మనిషి మొహం చూసి మేం మాట్లాడతాం."

నేను పేజీలు వెనక్కి తిప్పాను. కొలొస్సయులకు రాసిన పత్రిక చివర ఉంది. ఆ పారిపోయిన దాసుడు ఒనేసిముతో కూడా తుకికు అనే సహోదరుణ్ణి పంపిస్తున్నానని పౌలు రాశాడు. ఇద్దరూ కలిసే ఆ ఊరికి వెళ్లారు. అది నేను కాలేజీలో చదివాను, ఎన్నోసార్లు బోధించాను. ఆ తుకికు దారి పొడుగునా ఏం చేశాడో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. చదివి వినిపించాను.

"అదీ" అన్నాడు క్యాంప్ బాస్.

పత్రిక వడ్రంగికి ఏం చెబుతుందో చూద్దామని తెరిచాం. అది మాకు చెబుతోంది. ఎవరైనా ముందుకు వస్తారేమోనని నేను ఎదురుచూశాను. నాకంటే చిన్నవాళ్లు ఉన్నారు, కారు ఉన్నవాళ్లు ఉన్నారు. ఎవరూ రాలేదు.

"నేను వస్తాను" అన్నాను వడ్రంగితో.

"మీకు అరబీ రాదు" అన్నాడు క్యాంప్ బాస్.

"రాదు."

"కారూ లేదు."

"లేదు."

"మరేం చేస్తారు, పోయి ప్రార్థన చేసొస్తారా?" అందరూ నవ్వారు, వడ్రంగి కూడా నవ్వాడు. క్యాంప్ బాస్ నవ్వలేదు. బైబిలు మూసి జిప్ లాగాడు. "వీణ్ణి కారు ఎక్కిచ్చుకుంటే చట్టం ముందు నేనూ దోషినే. మా కంపెనీకి తెలిస్తే నా బ్యాగు కూడా సర్దుకోవాల. శనివారం పొద్దున్నే రెడీగా ఉండండి ఇద్దరూ."

నిజ్వా దారిలో పాటలు పెట్టలేదు. రెండు పక్కలా గోధుమరంగు కొండలు, మధ్యలో నున్నటి రోడ్డు. ముందు పోలీసు బండి కనబడినప్పుడల్లా క్యాంప్ బాస్ వీపు నిటారుగా అయ్యేది. వడ్రంగి వెనక సీట్లో బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన పెట్టుకోమన్నా పెట్టుకోలేదు.

చాలాసేపటికి అడిగాడు. "ఏవండీ, ఆ ఉత్తరం చదివి ఆ యజమాని ఏం చేశాడండి?"

"రాయలేదు."

"రాయకపోవడమేంటండీ?"

"బైబిల్లో ఎక్కడా లేదు. పౌలు పంపించడం వరకే ఉంది."

క్యాంప్ బాస్ రోడ్డుమీంచి చూపు తిప్పి నన్ను చూశాడు. "ఈ ముక్క ఘాలాలో చెప్పొద్దా బ్రదర్?"

వర్క్‌షాపు ముందు కారు ఆపినప్పుడు రంపం మిషను మోత ఆగింది. ఆ సూపర్‌వైజర్ ఆ రోజు అక్కడ ఉండకూడదని దారంతా ప్రార్థించాను. ఉన్నాడు. మిషను పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. యజమాని పెద్దవాడు, తెల్లటి అంగీలో కర్ర పట్టుకుని బయటికి వచ్చాడు. మమ్మల్ని లోపలికి పిలిచి తివాచీ మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, కాఫీ పెట్టించాడు. వడ్రంగి గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. యజమాని అతనివైపు చూడలేదు. క్యాంప్ బాస్‌ని ఊరేదని అడిగాడు, దారిలో ఎండ ఎలా ఉందని అడిగాడు. మూడో కప్పు కాఫీ అయ్యాక గాని అసలు మాటకు రాలేదు.

క్యాంప్ బాస్ అరబీలో చెప్పాడు. మధ్యలో హిందీ కలిసింది. ఆ పెద్దాయనకు హిందీ కొద్దిగా వచ్చు, అందుకని కొంత నాకూ అర్థమైంది. కూతురి సంగతి వచ్చినప్పుడు ఆయన చేయెత్తి ఆపాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అని మొదటిసారి వడ్రంగివైపు చూసి అడిగాడు.

"సూపర్‌వైజర్‌కి చెప్పానండి" అన్నాడు వడ్రంగి తెలుగులో. క్యాంప్ బాస్ హిందీలో చెప్పాడు.

"అతను నాకు చెప్పలేదు" అన్నాడు పెద్దాయన. గుమ్మంలోంచి మిషను వైపు ఓసారి చూశాడు. తర్వాత తన మాట చెప్పాడు. కేసు తనే వెళ్లి తీయిస్తాడు. కార్డు మళ్లీ చేయిస్తాడు. అయితే తలుపుల ఆర్డర్లు ఆగిపోయి ఉన్నాయి, ఇండియానుంచి ఇంకో వడ్రంగి వచ్చేదాకా ఇతను పనిచేయాలి. నాలుగు నెలలు పట్టవచ్చు. ఆ తర్వాత తనే పంపిస్తాడు.

"మళ్లీ పారిపోతే?" అన్నాడు. అంటూ నావైపు కర్ర చూపించాడు. "ఈయన ఎవరు?"

"మా పెద్దాయన. మాకు మా గ్రంథం చెప్తాడు."

"మీ ఇమామా?"

"అట్టాంటివాడే" అన్నాడు క్యాంప్ బాస్, నావైపు చూడకుండా.

"అయితే నువ్వు చెప్పు" అన్నాడు పెద్దాయన నాతో హిందీలో. "ఇతను ఉంటాడా?"

అంతా దేవుని చేతిలో ఉందని చెప్పడం నాకు తేలిక. నోటిదాకా వచ్చింది కూడా. ఆ పెద్దాయన కూడా ఒప్పుకునేవాడు, వాళ్లలోనూ ఆ మాట ఉంది. కానీ పౌలు ఆ మాట రాయలేదు. నా మీద వేసుకో అని రాశాడు. "ఉంటాడు" అన్నాను. "పోతే నన్ను అడగండి." ఆయన ఫోను తీసి నా నంబరు తీసుకున్నాడు. మోగించి, సరైనదో కాదో చూసుకున్నాడు.

వడ్రంగి బ్యాగు తీసుకుని లోపలికి పోయాడు. కబురు తెచ్చిన కుర్రాడనుకుంటాను, ఎదురొచ్చి అందుకున్నాడు. వడ్రంగి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "జాగర్తండి, ఎండగా ఉంది" అన్నాడు.

తిరుగుదారిలో నేను నిద్రపోయాను. మంచిపని చేశామో, ఒక మనిషిని మళ్లీ పట్టుకెళ్లి అప్పజెప్పి వచ్చామో ఆ రోజు నాకు తెలియలేదు. ఇప్పుడూ పూర్తిగా తెలుసునని చెప్పను. నాలుగు నెలలంటే ఆ పిల్ల ఇంకో నాలుగు నెలలు పెరుగుతుంది. యజమాని మాట తప్పొచ్చు, సూపర్‌వైజర్ కక్ష పెట్టుకోవచ్చు. నేను దేవుణ్ణి నమ్ముతాను. అయినా ఆ రోజునుంచి తెలియని నంబరునుంచి ఫోన్ వస్తే ఎత్తేముందు రెండుసార్లు నంబరు చూసుకునేవాణ్ణి. కేసు మాత్రం తీసేశారు. క్యాంప్ బాస్ ఎవరెవరికో ఫోన్లు చేసి కనుక్కున్నాడు. కార్డు ఇంకా రాలేదు. వస్తుందన్నారు.

పత్రికలో మిగిలిన నాలుగు మాటలు ముగించాక మళ్లీ అలాంటి శుక్రవారమే వచ్చింది, అదే చూపు.

"ప్రకటన అన్నా" అన్నాడు కడప తమ్ముడు.

"యూదా పత్రిక కూడా ఒక్క అధ్యాయమే కదా" అన్నారు ఇంకెవరో.

"ఒక్క అధ్యాయం మాటే ఎత్తొద్దు" అన్నాడు క్యాంప్ బాస్. "ఒక్క అధ్యాయమే కదా అని ఎత్తితే నన్ను నిజ్వా దాకా తీసుకుపోయింది. ఈసారి ఏకంగా దేశం చివర్న సలాలా పంపిస్తుందేమో."

వాళ్లు నవ్వుతుండగా నా ఫోను మోగింది. నిజ్వా పెద్దాయన. గభాల్న ఎత్తాను. గదిలో అందరూ నావైపు కుర్చీలు జరుపుకున్నారు.

"నీ మనిషికి జ్వరం" అన్నాడాయన హిందీలో. "హెల్త్ సెంటర్‌లో ఉన్నాం. ఇతనికి ఏ మందైనా పడదా అని డాక్టర్ అడుగుతున్నాడు. నీకు తెలుసు కదా, చెప్పు."

నాకు తెలియదు. రెండేళ్లు పక్కన కూర్చుని ఒకే గ్రంథం చదివాం. కార్డు అడగని ఆచారంలో పడి అన్నీ అడగడం మానేశాం. నీ ఒంటికి ఏది పడదు అని ఎవరు అడుగుతారు? ఫోను అతనికే ఇవ్వమన్నాను.

"పడకపోవడమేంటండీ, అన్నీ పడతాయి" అన్నాడు వడ్రంగి. గొంతు బొంగురుపోయి ఉంది. "ఊరికే జొరమేనండి. అర్బాబే కార్లో తీసుకొచ్చాడు, ముందు సీట్లో కూచోబెట్టి. సూపర్‌వైజర్‌ని తీసుకెళ్లమంటే కుదరదన్నాడంట, ఇక ఈయనే బయల్దేరాడు." దగ్గాడు. "మన గదిలోనే ఉన్నారాండి? ఏం పుస్తకం ఎత్తుకున్నారు?"

"ఇంకా తేల్చలేదు. చిన్నదేదైనా..."

"చిన్నదొద్దండి. ఇంటికెల్లేటప్పుడు మస్కట్ మీదుగానే కదండీ ఎల్లాలి. ఒక్క శుక్రారం మీ పక్కన కూచుని ఎల్తాను. అప్పటికి అయిపోయేది ఎత్తకండి."

ఫోను పెట్టేసి గదిలో చెప్పాను.

"అయితే ప్రకటనే" అన్నాడు కడప తమ్ముడు వెంటనే. "ఇరవై రెండు అధ్యాయాలు."

"చాలదు" అన్నాడు క్యాంప్ బాస్. "కార్డు ఎప్పుడొస్తదో ఆఫీసోళ్లకే తెలవదు. ఇంకా పెద్దది చూడండి బ్రదర్."

యెషయా గ్రంథం తీశాను. అరవై ఆరు అధ్యాయాలు. అంత గ్రంథం చెప్పే ఓపిక నాలో లేదని వాళ్లకు చెప్పలేదు. మొదటి అధ్యాయం మొదటి వచనం చదవమని పక్కవాడికి చెప్పాను.